అంబాసిడర్‌లో అరకు: పాత కారును ఘాట్ రోడ్డుకు సిద్ధం చేయడం, ఎక్కించడం, దింపడం ఎలా

పాత అంబాసిడర్ దారిలో ఆగిపోతే అందరి అనుమానం ముందు ఇంజిన్ మీదికే పోతుంది. ఆ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ నిజానికి చాలా మొండిది. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) రూపొందించిన బీ సిరీస్ ఇంజిన్ అది. హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో దశాబ్దాలపాటు దాన్నే బిగించింది. బండిని దారిలో నిలబెట్టేవి వేరే ఉన్నాయి: వయసైపోయిన రబ్బరు, తుప్పు పట్టిన వైర్ల చివర్లు, వేడి. ఈ మూడింటి పనీ ఇంటి దగ్గర పట్టితే ఘాట్‌లో మీకు మిగిలేది బండి నడిపే ఆనందమే.

ఇక్కడ చెప్పేదంతా విశాఖపట్నం నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట), అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారి గురించి. మొత్తం సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా మైదానం, ఆ తర్వాత గాలికొండ దాకా ఎక్కుడే ఎక్కుడు. గాలికొండ దగ్గర రోడ్డు సముద్రమట్టానికి దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడి నుంచి దిగితే అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు. కింద బండికి చెప్పే కొలతలు అంబాసిడర్ మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 పెట్రోల్ బండ్లకు సరిపోతాయి. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకు పద్ధతి అదే, అంకెలు మాత్రం తమ మాన్యువల్‌లో చూసుకోవాలి.

ముందు కాగితాలు

పదిహేనేళ్లు దాటిన సొంత కారు ఆర్‌సీని ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. మీది గడువులో ఉందో లేదో మొదట చూడండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, హరిత పన్ను రసీదు ఒకే కవర్లో పెట్టండి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, అసలు రూపు మారని బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. ఫీజు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. కానీ ఆ ప్లేటు ఉన్న బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. కుటుంబంతో అరకు వెళ్లడం ఆ జాబితాలో లేదు. తిరగడానికే బండి ఉంచుకున్నవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే కొనసాగించుకోవడం మంచిది.

మూడు వారాల ముందు: వేడి సంగతి

ఘాట్‌లో బండి వేడెక్కడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. రెండో గేరులో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ గట్టిగా పనిచేస్తుంటుంది, ముందునుంచి రేడియేటర్‌కి తగిలే గాలి మాత్రం తక్కువ. పైగా ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తొందరగా మరుగుతాయి. ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి గాలికొండ దగ్గర మూత తెరిచిన గిన్నెలో నీళ్లు 96 డిగ్రీల లోపే మరుగుతాయి. ఈ లోటు పూడ్చేది రేడియేటర్ మూత. మూతలోని స్ప్రింగు నిలిపే ప్రతి ఒక పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను) ఒత్తిడికీ మరిగే వేడి ఒకటిన్నర డిగ్రీ పైనే పెరుగుతుంది. రబ్బరు వాషర్ గట్టిపడిన మూత ఆ ఒత్తిడిని నిలపదు. అందుకే రేడియేటర్ పని మూతతో మొదలుపెట్టండి. మీ బండికి చెప్పిన ఒత్తిడి గల కొత్త మూత వేయండి, అంతకంటే ఎక్కువది వద్దు. పాత రేడియేటర్ అతుకులు ఆ ఒత్తిడికి ఆగవు.

తర్వాత రేడియేటర్. బండిని అరగంట నడిపి, ఇంజిన్ ఆపేసి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక రేడియేటర్ ముందు భాగాన్ని అరచేత్తో పైనుంచి కిందికి తడిమి చూడండి. ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్టు. మందు పోసి కడిగినంత మాత్రాన అవి తెరుచుకోవు. పై ట్యాంకు, కింది ట్యాంకు విప్పించి గొట్టాల్లో కమ్మీలు దూర్పించి శుభ్రం చేయించాలి. రేడియేటర్ పనివాళ్లకు ఇది ఒక రోజు పని.

పై హోస్, కింది హోస్, ఫ్యాన్ బెల్టు ఎంత బాగున్నట్టు కనిపించినా కొత్తవి వేయండి. తీసిన పాతవాటిలో మంచివి ఉంటే డిక్కీలో స్పేర్‌గా పెట్టుకోవచ్చు. కింది హోస్ నొక్కితే మెత్తగా లోపలికి పోతే అది ప్రమాదం. వేగం పెరిగినప్పుడు వాటర్ పంపు లాగే లాగుడుకి అది అణిగిపోయి నీళ్లు ఆగిపోతాయి. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. అంతకంటే బిగువైతే పంపు బేరింగ్, డైనమో బేరింగ్ అరిగిపోతాయి, వదులైతే జారుతుంది.

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే కవాటం థర్మోస్టాట్. ఎంతోమంది మెకానిక్కులు దాన్ని తీసి పారేశారు. ‘మన ఎండలకు అక్కర్లేదు’ అనే మాట నమ్మొద్దు. అది లేకపోతే ఇంజిన్ తగినంత వేడెక్కదు, ఆయిల్‌లో పెట్రోలు, తేమ కలిసి జిడ్డుగా మారుతుంది, మైలేజీ పడిపోతుంది. కొత్తది వేసేముందు వేడి నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో లేదో చూసి వేయండి. నీళ్లలో మూడో వంతు కూలెంట్ కలపండి. కుళాయి నీళ్లు కాకుండా బ్యాటరీకి పోసే నీళ్లు వాడితే లోపల సున్నం పేరుకోదు.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. అంబాసిడర్ తయారైన రోజుల్లో ఈ పెట్రోలు ఊహలో కూడా లేదు. దీనివల్ల మూడు చోట్ల ఇబ్బంది వస్తుంది.

మొదటిది రబ్బరు. పాత పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం ఉబ్బి, పగిలి, లోపలి పొర ముక్కలై, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోకి వస్తాయి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న ప్రతి రబ్బరు పైపునూ ‘ఎస్‌ఏఈ జె30 ఆర్9’ అని ముద్ర ఉన్న దానితో మార్చండి. పంపుకు ఇథనాల్ తట్టుకునే డయాఫ్రం కిట్ వేయండి. క్లిప్పులు పైపు చుట్టూ సమంగా బిగిసేవి కొనండి, కొరికే రకం వద్దు.

రెండోది మురికి. ఇథనాల్ ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన పొరను కరిగిస్తుంది. మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోలుతో అదంతా ఫిల్టర్లోకి వస్తుంది. ట్యాంకు దింపించి కడిగించడం ఉత్తమం. కుదరకపోతే పారదర్శకంగా ఉండే ఫిల్టర్ పెట్టి, స్పేర్‌గా రెండు వెంట తీసుకెళ్లండి. బండిని నెలలతరబడి నిలిపి ఉంచితే ఇథనాల్ తేమను లాక్కుని నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. అలాంటి పాత పెట్రోలుతో ఘాట్ ఎక్కొద్దు, వంపేసి కొత్తది పోయించండి.

మూడోది పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడటం, అంటే అందులో పెట్రోలు పాలు తగ్గడం. ఎస్‌యూ రకం కార్బురేటర్ ఉంటే దీన్ని మీరే సరిచేయొచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక, నిదానంగా తిరుగుతున్నప్పుడు, కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటర్ లోపు ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కగా ఉంది. ఇంజిన్ తడబడి ఆగబోతే పలచగా ఉంది. కొంచెం పెరిగి మామూలు స్థితికి వస్తే సరిగ్గా ఉంది. పలచగా ఉంటే అడుగున ఉన్న జెట్ నట్టును షట్కోణంలో ఒక్కో ముఖం చొప్పున కిందికి తిప్పుతూ మళ్లీ చూడండి. పైన డాష్‌పాట్ (పిస్టన్ కదలికను నిదానింపజేసే ఆయిల్ గది) మూత తీసి, లోపల బోలుగా ఉన్న కమ్మీ పైఅంచు కంటే ఒక అర అంగుళం ఎత్తున పలచటి ఇంజిన్ ఆయిల్ ఉందో లేదో చూడండి. మూతకు గాలి రంధ్రం లేని రకమైతే అంచుకు అర అంగుళం కిందే ఆపాలి. ఇది ఎండిపోతే యాక్సిలరేటర్ నొక్కగానే బండి తడబడుతుంది, జనం ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చుంటారు.

సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరం నుంచి మన దేశంలో లేదు. హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించని బండ్లను గంటల తరబడి అధిక వేగంతో తోలితే వాల్వులు ఆనే ఆ సీట్లు అరిగి, వాల్వులను తెరిచే టాపెట్ల దగ్గర ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. ప్రయాణానికి ముందు సందు సరిచేయించి, తిరిగొచ్చాక మళ్లీ కొలవండి. బాగా తగ్గి ఉంటే హెడ్ పని దగ్గరపడిందని అర్థం.

బ్రేకులు

దీనికి మాత్రం డబ్బు చూసుకోవద్దు. పాత మార్క్ మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, పెడల్ నొక్కినప్పుడు చక్రాలకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌కి ఒకటే దారి. ఒక్క చోట ఆయిల్ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. మిగిలేది చేతి బ్రేకు. కాబట్టి వరసగా ఇవి చేయించండి.

1. నాలుగు డ్రమ్ములు విప్పించండి. వీల్ సిలిండర్ల రబ్బరు అంచు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే ఆ ఒక్కదానికే కాదు, అన్నిటికీ లోపలి రబ్బరు కప్పులు మార్చండి. సిలిండర్ గోడకు గుంటలు పడి ఉంటే సిలిండరే మార్చాలి, కొత్త రబ్బరు వేసినా ఆ గుంటల్లోంచి కారుతుంది.

2. రబ్బరు బ్రేకు పైపులు మూడు ఉంటాయి, ముందు రెండు, వెనక ఇరుసుకు ఒకటి. పైకి బాగున్నా లోపల ఉబ్బిపోతే పెడల్ నొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలాక వెనక్కి రాదు. చక్రం పట్టేసి డ్రమ్ము కాలిపోతుంది. ఎంత అడ్జస్ట్ చేసినా ఒకే చక్రం వేడెక్కుతుంటే చాలావరకు ఇదే కారణం.

3. బ్రేకు ఆయిల్ మొత్తం తీసి డాట్ 4 రకం ఆయిల్ పోయించండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగనిది, తేమ చేరాక 155 దగ్గరే మరగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోవడానికి ఇదే కారణం. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి.

4. ప్రతి చక్రాన్నీ జాకీ మీద లేపి, డ్రమ్ము తిరగకుండా పట్టేదాకా అడ్జస్టర్ బిగించి, మళ్లీ రాపిడి లేకుండా తిరిగేదాకా మాత్రమే వదులు చేయాలి. పెడల్ సగంలోపే గట్టిగా తగలాలి. తర్వాత చేతి బ్రేకు సంగతి: ఏటవాలు రోడ్డు మీద నిండు బండిని అది ఒక్కటే ఆపగలగాలి.

బ్రేకులతోపాటు టైర్లు కూడా చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఏడేళ్లు దాటితే పువ్వు ఎంత ఉన్నా మార్చేయండి. ఒకే ఇరుసు మీద రేడియల్ ఒకటి, పాత రకం క్రాస్ ప్లై ఒకటి వేయకూడదు. రెండు రకాలూ వాడక తప్పకపోతే రేడియల్ జత వెనకే ఉండాలి. స్టెప్నీ ట్యూబులో గాలి ఉందో లేదో చూడటం మరచిపోయేవాళ్లే ఎక్కువ.

కరెంటు, గేరు

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్ల సందు 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ప్లగ్గులకు 0.025 అంగుళం. పాయింట్లతోపాటు కండెన్సర్ కూడా మార్చండి, కానీ పాతది బాగా పనిచేస్తుంటే దాన్నే స్పేర్‌గా దాచుకోండి. కొత్త కండెన్సర్లు పెట్టెలోంచే చెడిపోయి వచ్చే రోజులివి. కొత్త భాగాలు ఏవి వేసినా కనీసం వంద కిలోమీటర్లు తిరిగాకే ఘాట్ ఎక్కాలి.

బ్యాటరీ ఎర్తు పట్టీ, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఉన్న పట్టీ రెండూ విప్పి, లోహం మెరిసేదాకా గీకి, పెట్రోలియం జెల్లీ పూసి బిగించండి. సెల్ఫ్ బద్ధకంగా తిరిగే బండ్లలో చాలా దీంతోనే బాగుపడతాయి. డైనమో ఉన్న బండ్లు ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లే, అదీ వేగంగా తిరిగినప్పుడు. హెడ్‌లైట్లకు 100 వాట్ల బల్బులు వేసి, వైపర్లు, ఫోన్ చార్జర్ కలిపితే రాత్రి బ్యాటరీ ఖాళీ అవుతుంది. 45 వాట్లవే ఉంచి, రాత్రి ప్రయాణం మానేయండి.

స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డుకు ఒక పాత జబ్బు ఉంది. కిందనున్న లింకుల బుష్షులు అరిగితే ఒకటికీ మూడుకీ మధ్య ఇరుక్కుపోయి ఎటూ పడదు. బుష్షులు మార్పించి కీళ్లకు గ్రీజు పెట్టండి. దారిలో ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, చేతి బ్రేకు వేసి, బానెట్ ఎత్తి స్టీరింగ్ కాలమ్ అడుగున చూడండి. రెండు చిన్న చేతులు ఒకదానికొకటి తప్పి కనిపిస్తాయి. రెంటినీ న్యూట్రల్ స్థానంలోకి, ఒకే వరసలోకి చేత్తో జరిపితే వదులుతుంది. బయల్దేరేముందే గ్యారేజీలో ఒకసారి మెకానిక్ చేత చూపించుకోండి, వానలో తల దూర్చి వెతుక్కునే పని తప్పుతుంది.

డిక్కీలో ఉండాల్సినవి

పాయింట్ల సెట్టు ఒకటి, కండెన్సర్లు రెండు, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, కాయిల్, ప్లగ్గులు రెండు. ఫ్యాన్ బెల్టు, పై హోస్, కింది హోస్, క్లిప్పులు ఆరు. పెట్రోలు ఫిల్టర్లు రెండు, పెట్రోలు పైపు ఒక మీటరు, పంపు డయాఫ్రం. ఇంజిన్ ఆయిల్ 20డబ్ల్యూ50 రెండు లీటర్లు, సీలు విప్పని డాట్ 4 అర లీటరు, మంచినీళ్లు పది లీటర్లు. ఫ్యూజులు నాలుగు, వైరు మూడు మీటర్లు, టెస్ట్ ల్యాంపు, ఇన్సులేషన్ టేపు. అంబాసిడర్ నట్లకు మిల్లీమీటర్ పానాలు సరిగ్గా పట్టవు, అంచులు అరగదీస్తాయి. అంగుళాల పానాల సెట్టు తప్పనిసరి. జాకీ, వీల్ పానా, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు రెండు, పెద్ద టార్చి, పాత నూలు గుడ్డలు, తాడు.

ఆరుగురు ఎక్కే బండే అయినా ఘాట్‌కు నలుగురే మంచిది. పైన క్యారియర్ పెట్టి సామాను వేస్తే మలుపుల్లో ఊగుతుంది. బరువైనవి వెనక సీటుకు ఆనించి డిక్కీ అడుగున పెట్టండి.

బయల్దేరే రోజు

అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరు, డిసెంబరుల్లో అరకు చుట్టూ వలిసె పూలు పచ్చగా విరగబూస్తాయి. ఆ పొలాల పక్కన బండి ఆపుకోవడానికే రెండు గంటలు వేరుగా ఉంచుకోండి. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు జారతాయి, డ్రమ్ములు తడిసి బ్రేకులు అందవు, పాత వైపర్లతో పొగమంచులో దారి కనబడదు.

తెల్లవారుజామున ఐదింటికి విశాఖ దాటండి. లారీలు పలచగా ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది. మైదానంలో 55 నుంచి 60 కిలోమీటర్ల వేగం ఈ బండికి హాయి. ఆ వేగంలో ఇంజిన్ ఊగిసలాట ఆగి ఒకే స్వరంలో పాడుతుంది, ముందు తలుపు చిన్న అద్దం తిప్పి పెడితే గాలి నేరుగా మొహానికి తగులుతుంది. గతుకుల మీద కమాన్లు మెత్తగా ఊగుతాయి. 80 దాటిస్తే ఇవన్నీ పోయి శబ్దమే మిగులుతుంది.

ఎస్.కోటలో టిఫిను చేస్తూ బండికి అరగంట విశ్రాంతి ఇవ్వండి. దిగగానే నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గర చేతి వెనక వైపు పెట్టి చూడండి. నాలుగూ దాదాపు సమానంగా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రం కాలుతుంటే బ్రేకు పట్టేసింది, లేదా బేరింగ్ ఎండింది. అది చూడకుండా ఘాట్ ఎక్కకూడదు. బండి కింద కొత్త మరక ఏమైనా ఉందా చూడండి, ఆయిల్ పుల్ల చూడండి, ట్యాంకు నింపండి.

ఎక్కేటప్పుడు

బండి ఇబ్బంది పడేదాకా ఆగకుండా, కొంచెం ముందే గేరు తగ్గించండి. మూడో గేరులో యాక్సిలరేటర్ నేలకు తొక్కి గుడగుడమనిపించడం కంటే రెండో గేరులో సగం తొక్కి తేలిగ్గా తిప్పడం ఇంజిన్‌కు చల్లన. ఫ్యాను, వాటర్ పంపు కూడా వేగంగా తిరుగుతాయి. మొదటి గేరుకు సింక్రో (కదులుతుండగా గేరు పళ్లు సాఫీగా కలిసేలా చేసే అమరిక) లేని బండ్లలో కదులుతుండగా ఒకటి వేయాలంటే పళ్లు కొరుకుతాయి. జడపిన్ను మలుపుకు ముందే ముందున్న బండి ఆగుతుందేమో చూసుకుని దూరం ఉంచండి, అవసరమైతే పూర్తిగా ఆగి ఒకటి వేసి కదలండి.

ఎక్కేటప్పుడు ఇంజిన్ నుంచి టకటకమని గులకరాళ్లు కదిపినట్టు శబ్దం వస్తే టైమింగ్, అంటే ప్లగ్గు మంట పుట్టే సమయం, ముందుకు ఉంది. డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న చిన్న నట్టును వెనక్కి వైపు కొద్ది గీతలు తిప్పండి. పట్టించుకోకపోతే పిస్టన్లు కాలిపోతాయి.

ఇంజిన్ వేడి చూపే ముల్లు మూడొంతులు దాటితే వీలైన విశాలమైన చోట పక్కకు తీయండి. ఆవిరి చిమ్మకపోతే ఇంజిన్ వెంటనే ఆపొద్దు. బానెట్ ఎత్తి, కొంచెం వేగంగా రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపండి. ఆవిరి చిమ్ముతుంటే మాత్రం వెంటనే ఆపాలి. ఏ పరిస్థితిలోనూ అరగంట లోపు రేడియేటర్ మూత ముట్టొద్దు. తర్వాత మందపాటి గుడ్డ వేసి సగం తిప్పి, ఆవిరి పోయాక తీయండి. నీళ్లు కొద్దికొద్దిగా, ఇంజిన్ తిరుగుతుండగా పోయండి. ఎండిపోయి కాలుతున్న ఇంజిన్‌లో చల్లని నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్ పగులుతుంది.

ఎక్కుతూ ఆగిపోతే

ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు. తడబడుతూ, కుదుపులతో, మెల్లగా ఆగితే పెట్రోలు. ఈ ఒక్క గుర్తు సగం వెతుకులాట తగ్గిస్తుంది.

పెట్రోలు వైపు ఘాట్‌లో మొదటి అనుమానం వేపర్ లాక్. పైపులోనే పెట్రోలు మరిగి ఆవిరి బుడగలై పంపు లాగలేకపోతుంది. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, చివర ఒక సీసాలో పెట్టి, సెల్ఫ్ కొట్టించండి. ధార రాకుండా తుంపరలు పడితే అదే. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోలు ఒలకకుండా జాగ్రత్త, దగ్గర బీడీ సిగరెట్లు వద్దు. తడి గుడ్డ పంపు మీద, పైపు మీద కప్పి ఇరవై నిమిషాలు ఆగండి. ఇది మళ్లీ రాకూడదంటే పైపును ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా మళ్లించి, కార్బురేటర్ కింద వేడి ఆపే బేకలైట్ పలక ఉందో లేదో చూసుకోవాలి.

కరెంటు వైపైతే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, సెల్ఫ్ కొట్టిస్తూ పాయింట్లు చూడండి. వాటి మధ్య పెద్ద తెల్లటి మంట కనబడితే కండెన్సర్ పోయింది. అసలు ఏమీ లేకపోతే కాయిల్‌కు కరెంటు వస్తోందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడండి. వేడెక్కినప్పుడు ఆగి, చల్లారాక ఏమీ జరగనట్టు నడిచే బండికి కాయిల్ లోపం ఎక్కువ. కాయిల్ చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంటే మార్చేయండి.

చక్రాలకు దిమ్మలు పెట్టకుండా వీటిలో ఏ పనీ మొదలుపెట్టకండి.

పైన

అనంతగిరి కాఫీ తోటల దగ్గర, బొర్రా గుహల మలుపు దగ్గర, గాలికొండ దగ్గర ఆగండి. ఆగిన చోటల్లా బానెట్ కొంచెం ఎత్తి పెట్టండి, లోపలి వేడి పోతుంది, పెట్రోలు మరగదు. అంబాసిడర్ ఆగిన చోట జనం వచ్చి పలకరిస్తారు. ఎవరి నాన్నగారికో, ఏ ఆఫీసులోనో ఈ బండి ఉండే ఉంటుంది. ఆ కబుర్లకు సమయం లేకుండా ప్రయాణం వేసుకుంటే పాత కారు తీసుకెళ్లిన ఫలం సగం పోయినట్టే. అరకులో కనీసం రెండు రాత్రులు ఉండండి. బొంగు చికెన్, చాపరాయి, గిరిజన మ్యూజియం తీరిగ్గా చూడొచ్చు, బండికీ ఒక పూట పూర్తి విశ్రాంతి.

చలికాలం ఉదయాల్లో మంచు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల చేరుతుంది. బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. క్యాప్ తీసి, లోపల, వైర్లు పొడి గుడ్డతో తుడిచి, చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టకుండా ఒకసారి కొట్టండి. అంటుకోగానే చోక్ సగానికి తోసి, ఒకటి రెండు కిలోమీటర్లలో పూర్తిగా మూసేయండి. మూయకపోతే ప్లగ్గులు మసిబారడమే కాక పెట్రోలు సిలిండర్ గోడల ఆయిల్‌ను కడిగేస్తుంది.

దిగేటప్పుడు

ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే. గాలికొండ నుంచి కాశీపట్నం వైపు దిగే దారిలో ఎక్కువ భాగం రెండో గేరే. మలుపు రాకముందే గేరు మార్చండి, మలుపులో కాదు. మైలేజీ కోసం ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో దించే పాత అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

బ్రేకు మీద పాదం అలా ఆనించి ఉంచొద్దు. గట్టిగా కొద్దిసేపు నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ క్షణాల్లోనే డ్రమ్ములు చల్లారతాయి. పెడల్ చెప్పే మాట వినండి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే డ్రమ్ము లోపలి బ్రేకు షూలు కాలాయి. పక్కకు తీసి అరగంట ఆగితే తిరిగి వస్తాయి. పెడల్ మెత్తగా కిందికి పోతుంటే ఆయిల్ మరిగింది, లేదా కారుతోంది. పెడల్ వరసగా పంపు కొడుతూ, ఒక గేరు తగ్గించి, చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండ వైపు ఆపండి. కారణం దొరికేదాకా ఆ బండితో ఘాట్ దిగకూడదు. తాడు కట్టి లాగించే పని అసలు వద్దు, ఫ్లాట్ బెడ్ ట్రక్కు పిలిపించండి. కాలుతున్న డ్రమ్ముల మీద నీళ్లు పోస్తే పగుళ్లిస్తాయి.

ఇంటికొచ్చాక బండిని వెంటనే కవరు కప్పి మూలన పెట్టకండి. మర్నాడు చల్లటి ఇంజిన్‌తో చక్రాల నట్లు, కమాన్ల యూ బోల్టులు, మానిఫోల్డ్ నట్లు బిగువు చూడండి. ఘాట్ కుదుపులకు ఇవే ముందు వదులవుతాయి. రేడియేటర్‌లో ఎన్ని నీళ్లు తగ్గాయో, ఎంత ఆయిల్ తాగిందో, టాపెట్ల సందు ఎంత ఉందో కిలోమీటర్లతోపాటు ఒక నోటు పుస్తకంలో రాసి, దాన్ని బండి కాగితాల కవర్లోనే పెట్టండి.